నిరంతర విద్యాసదస్సు శాస్త్రం

1. అనుబంధ చతుష్టయం

ఏ శాస్త్రానికైనా ఆదిలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని నిర్దేశించడం శిష్టాచారం. విశ్వవిద్యాలయాల దూరవిద్య, వయోజన విద్య, నిరంతర విద్య విభాగాల సిబ్బంది ఏటా ఒకచోట చేరి జరుపుకొనే సదస్సు ఈ శాస్త్రానికి విషయం. ప్రయోజనం దృష్టమనీ అదృష్టమనీ రెండు విధాలు. ఫైలు సంచి, పెన్ను, రాతపుస్తకం, మధ్యాహ్న భోజనం, ధ్రువపత్రం దృష్టప్రయోజనాలు. జ్ఞానం అదృష్టప్రయోజనం, అది కలుగుతుందని ఆహ్వానపత్రం ఘోషిస్తున్నది గనుక శబ్దప్రమాణం చేత అంగీకరించవలసిందే గాని, ప్రత్యక్షప్రమాణానికి అది లొంగదు. సదస్సుకూ పదోన్నతికీ గల జన్యజనక భావమే ఇక్కడ సంబంధం.

ఇక అధికారి ఎవరనగా, ఆన్ డ్యూటీ ఉత్తర్వు చేతికందినవాడు. ఉత్తర్వు లేకుండా కేవల జిజ్ఞాసతో వచ్చినవాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. అట్టివాడిని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే పసిగట్టి, "సార్, మీది ఏ సెంటరు?" అని సవినయంగా ప్రశ్నించి, సంచీలు లెక్కకు మించి లేవన్న కారణంతో నివారించడం సంప్రదాయం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఈ శాస్త్రానికి పీఠత్రయం. మూడూ ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలోను, ఆనాటి నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోను కలిసే ఉన్నాయి. అయినప్పటికీ సదస్సు ఎప్పుడు ఆరంభమవుతుంది, ఎందుకు జరుగుతుంది, ఎలా ముగుస్తుంది అనే మూడు మౌలిక ప్రశ్నల మీద మూడు పీఠాలూ మూడు దారులు పట్టాయి. ఆ మతభేదాలను సమన్వయించడం ఈ గ్రంథానికి పరమప్రయోజనం.

2. యుగవిభాగం

విద్యార్థి గడప దాటి రాలేనప్పుడు ఎవరో ఒకరు కదలక తప్పదు. కదిలేది ఎవరన్నదాన్ని బట్టి ఈ విద్యకు మూడు యుగాలు ఏర్పడ్డాయి.

మొదటిది అక్షరగమన యుగం. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకి ఉత్తరం పంపే వీలు కలిగినప్పుడు, ఐజాక్ పిట్మన్ సంక్షిప్తలిపి పాఠాలను తపాలాలో పంపి, శిష్యులు రాసినవాటిని దిద్ది తిరిగి పంపాడు. 1858లో లండన్ విశ్వవిద్యాలయం తన ప్రాంగణం చూడనివారికీ పట్టా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, తెలుగునాట 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ తపాలా మార్గాన్ని అవలంబించాయి. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోని సార్వత్రిక విశ్వవిద్యాలయాలన్నిటికీ జ్యేష్ఠ. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికీ తొలి ఉపకులపతి అయ్యారు. హైదరాబాదు సంస్థ 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించింది.

రెండవది ఉపాధ్యాయగమన యుగం. 1873లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఉపన్యాసకులను ఊళ్ల మీదికి పంపడంతో ఇది ఆరంభమైంది. మన దేశంలో 1978 అక్టోబర్ 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో వచ్చిన జాతీయ అక్షరాస్యతా మిషన్ ఈ గమనాన్ని పల్లె రచ్చబండ దాకా పొడిగించాయి.

మూడవది సిబ్బందిగమన యుగం. ఇందులో పాఠం కదలదు, పంతులు పల్లెకు పోడు. సిబ్బంది మాత్రం ఒకరి ఊరికి ఒకరు ప్రయాణిస్తారు. 1915లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో, విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలవారు జాతీయ సంఘంగా ఏర్పడడం ఈ యుగానికి అంకురార్పణ. 1939లో భారత వయోజన విద్యా సంఘం పుట్టింది. 1987లో యూజీసీ అకడమిక్ స్టాఫ్ కళాశాలల పథకం తెచ్చి, బోధించేవారు సైతం అప్పుడప్పుడు బెంచీల మీద కూర్చోవలసిందేనని శాసించింది. కడపటిదైన ఈ యుగమే అన్నిటికంటె ఖర్చుతో కూడినది. కనుక అన్నిటికంటె పరిణతమైనదని సిద్ధాంతం.

3. మూలవిరోధ పరిహారం

ఇక్కడ పూర్వపక్షి ఇలా ఆక్షేపిస్తాడు: దూరంగా ఉండి నేర్చుకోవచ్చునని లోకానికి ప్రబోధించేవారు, ఆ విషయం తాము చర్చించుకోవడానికి మాత్రం దగ్గరికి చేరవలసిన అవసరమేమి? తపాలాలో పట్టా అందుతుందన్నవారికి తపాలాలో సదస్సు అందదా?

దీనికి సమాధానం. దూరం మూడు విధాలు: భౌగోళికం, పాలనాపరం, ఆంతరంగికం. వీటిలో భౌగోళిక దూరం బస్సు టికెట్టుతో నశిస్తుంది. పాలనాపరమైన దూరం టికెట్టుతో నశించదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య తమ ప్రాదేశిక పరిధిని మీరరాదని యూజీసీ నియమం. హిందూపురం కర్ణాటక సరిహద్దున ఉన్నది. బెంగళూరు వైపు రైలెక్కినవాడు కాసేపటికే గౌరీబిదనూరు చేరతాడు. ఆ రైలులో విద్యార్థి వెళ్లవచ్చు, బెల్లం వెళ్లవచ్చు, చింతపండు వెళ్లవచ్చు. పాఠం మాత్రం వెళ్లరాదు. దూరవిద్యకు ఎంత దూరం తగును అనే ప్రశ్న ఇంత సూక్ష్మమైనది గనుకనే దాన్ని దూరం నుంచి చర్చించడం అసాధ్యం.

ఆంతరంగిక దూరం మరింత గహనం. పక్కపక్క కుర్చీల్లో మోకాళ్లు తగిలేట్టు కూర్చున్న ఇద్దరు సమన్వయకర్తల్లో ఒకరు గత ఏడాది ప్రశ్నపత్రాల కట్టలు ఆలస్యంగా పంపినవారు, ఇంకొకరు వాటి కోసం పరీక్ష ఉదయం దాకా ఎదురుచూసినవారు అయినప్పుడు, వారి మధ్య గల వ్యవధి ఏ మైలురాయికీ అందదు. అట్టి దూరాన్ని ప్రత్యక్షంగా కొలవడానికి సామీప్యం అనివార్యం. కావున దూరవిద్యకు సదస్సు విరోధి కాదు, పరీక్షాస్థలం. పూర్వపక్షం నిరస్తమైంది.

4. శాఖాభేదం

అ) హిందూపుర శాఖ. దీనికి అతిథివాదమని నామాంతరం. ముఖ్య అతిథి రాకయే సదస్సుకు ఆరంభక్షణమనీ, గోడగడియారం ఉపాధి మాత్రమేననీ వీరి మతం. బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లలోనే ఉన్నందున అక్కడి ఆచార్యుణ్ణి ఉదయం పిలిపించి సాయంత్రం పంపవచ్చు, బసఖర్చు ఉండదు అనే ఆర్థికసూత్రం మీద ఈ శాఖ నిలిచి ఉంది. అతిథి ఎక్కడ ఉన్నాడన్నది ఫోను ద్వారా మాత్రమే తెలియాలి గనుక వీరు శబ్దప్రమాణానికి పెద్దపీట వేస్తారు. "దొడ్డబళ్లాపురం దాటినాం సార్" అన్న వాక్యానికీ, "దొడ్డబళ్లాపురం దాటుతున్నాం సార్" అన్న వాక్యానికీ వీరు మహాభేదం చూపుతారు. మొదటిదానికి దొడ్డబళ్లాపురం దగ్గరపడుతున్నదని అర్థం. రెండవదానికి స్నానం ముగిసిందని అర్థం. ఈ నడుమకాలాన్ని ప్రార్థనగీతంతోను, అది చాలనప్పుడు రెండవ ప్రార్థనగీతంతోను పూరించాలి. జ్యోతి ప్రజ్వలనకు ఒత్తులు ముందే నూనెలో తడిపి ఉంచవచ్చునా, అతిథి కారు గేటు దాటాకనే తడపాలా అన్న విషయంలో ఈ శాఖలోనే ప్రాచీనులకూ నవ్యులకూ భేదం ఉంది. ఫ్యాన్లు ఆపిన తరువాతనే వెలిగించాలన్నది ఉభయసమ్మతం.

ఆ) ఘనగిరి శాఖ. ఘనగిరి అనగా పెనుకొండ. వీరిది దర్శనవాదం. చూడదగిన చోటు ఉన్నందువల్లనే సదస్సు జరుగుతుంది, పత్రసమర్పణ తీర్థయాత్రకు అంగం అని వీరి మూలసూత్రం. దీనికి వీరు చూపే హేతువు చారిత్రకం. 1565 యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర సామ్రాజ్య రాజధానిని పెనుకొండకు తరలించాడు. అటుపిమ్మట రాజధాని చంద్రగిరికి కదిలింది. కేంద్ర కార్యాలయం ఎక్కడికి మారినా కార్యక్రమం కొనసాగుతుంది అన్న నిరంతర విద్యాసూత్రానికి ఇంతకంటె ప్రాచీన దృష్టాంతం లేదని వీరి వాదన. కనుక మధ్యాహ్న సమావేశాన్ని గగనమహల్ మెట్ల మీద జరపడం, దాన్ని కార్యక్రమపత్రంలో క్షేత్రపర్యటనగా నమోదు చేయడం ఈ శాఖకు విహితం. కోటకొండ ఎక్కడం ఐచ్ఛికం. కొండ ముందు నిలబడి బృందచిత్రం దిగడం నిత్యవిధి.

ఇటీవల ఈ శాఖలో ఒక ఉపశాఖ పుట్టింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత, ప్రతి పత్రం చివరి పేజీలోను పరిశ్రమలతో అనుసంధానం అనే పేరాను చేర్చాలని ఈ ఉపశాఖ విధిస్తుంది. వయోజన స్త్రీల అక్షరాస్యత మీద పత్రమైనా, వేరుశనగ రైతులకు రేడియో పాఠాల మీద పత్రమైనా ఈ పేరా మారదు. మారకపోవడమే దాని ప్రామాణ్యానికి లక్షణం.

ఇ) ధర్మవర శాఖ. వీరిది గమనవాదం. ధర్మవరం రైల్వే కూడలి. గుత్తి వైపు, బెంగళూరు వైపు, కదిరి మీదుగా పాకాల వైపు బండ్లు ఇక్కడ చీలిపోతాయి. అందుచేత వచ్చినవారు ఎవరు ఏ బండికి పోవాలన్నది ముందే తేల్చి, మిగిలిన కాలంలో సదస్సు జరపాలని వీరి సిద్ధాంతం. హిందూపురంవారు ఆదిని చూస్తారు, పెనుకొండవారు మధ్యను చూస్తారు, ధర్మవరంవారు అంత్యం నుంచి వెనక్కు లెక్కిస్తారు.

పట్టుచీరల ఊరు గనుక వీరు వక్త ప్రసంగాన్ని కూడా పడుగు, పేక అని విభజించారు. కాగితం మీద రాసుకొచ్చింది పడుగు. దానికి అడ్డంగా వచ్చిపడే సొంత అనుభవాలు పేక. పేక దట్టమయ్యేకొద్దీ పడుగు కనిపించదు. మగ్గాల వీధికి వెళ్లడం విద్యావిషయమా, వ్యక్తిగత విషయమా అన్న ప్రశ్నకు, చీర కొన్నట్లయితే వ్యక్తిగతం, ధర అడిగి ఊరుకున్నట్లయితే క్షేత్రపరిశీలన అని వీరి నిర్ణయం. ఇంతటి పట్టణంలో సన్మానానికి వాడే శాలువా మాత్రం మెరిసే కృత్రిమ దారానిదే అయి ఉండాలి. ఎందుకనగా శాలువా కప్పడానికి ఉద్దేశించినదే గాని కట్టుకోవడానికి కాదు. దాన్ని గ్రహీత మరొక సదస్సులో మరొకరికి కప్పగలగాలి. నిరంతరతకు వస్త్రరూపం అదే.

5. సన్నిధి ప్రకరణం

హాజరు ఈ శాస్త్రానికి హృదయం. అది పంచవిధం.

మొదటిది కాయికం. దేహం కుర్చీలో ఉండడం. కళ్లు తెరిచి ఉండవలెనన్న నియమం లేదు. రెండవది లేఖనం. ఉదయం వేసిన సంతకం పక్కనే సాయంకాలపు సంతకాన్నీ వేసి వెళ్లడం. దీన్ని కాలజ్ఞానమని కొందరు అంటారు. మూడవది సంచీకృతం. ఫైలు సంచిని కుర్చీ మీద ఉంచి తాను టీ దగ్గర ఉండడం. సంచి ఉన్నంతసేపు మనిషి ఉన్నట్లేనని మూడు శాఖలకూ ఏకాభిప్రాయం. నాలుగవది పరకీయం. సహోద్యోగి సంతకాన్ని సహోద్యోగి వేయడం. దీనికి ప్రత్యుపకార నియమం ఉన్నది. ఐదవది నామమాత్రం. 2020 తరువాత ఆన్‌లైన్ సదస్సులతో ప్రవేశించింది. తెర మీద పేరు వెలుగుతుంటుంది, కెమెరా ఆగి ఉంటుంది, నామి అన్నం తింటుంటాడు.

ఈ పంచవిధ సన్నిధిలో శ్రేష్ఠమేది అని వివాదం. కాయికమే శ్రేష్ఠమని నిర్వాహకులు, లేఖనమే శ్రేష్ఠమని ఆడిట్‌వారు అంటారు. ఆడిట్ మతమే బలవత్తరం. ఎందుకనగా దేహానికి టీఏ మంజూరు కాదు, సంతకానికే అవుతుంది.

6. ప్రశ్నభేదం

పత్రసమర్పణ తరువాత అడిగేవి నాలుగు జాతులు. "ప్రశ్న కాదు సార్, చిన్న కామెంటు" అని ఆరంభమయ్యేది ప్రశ్నాభాసం. ఇది మూలపత్రం కంటె దీర్ఘం. "నేను ఇరవై ఏండ్ల కిందటే దీని మీద పనిచేసినా" అని ఆరంభమయ్యేది ఆత్మనివేదనం. "మేడం, మీ స్లయిడ్లు మాకు పంపిస్తారా?" అన్నది యాచ్ఞాప్రశ్న, విన్నది ఏమీ లేనప్పుడు మర్యాద కాపాడే సాధనం. నాలుగవది శుద్ధప్రశ్న. విద్యార్థులు ఎందుకు చేరుతున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని ఎవరో కొత్త కౌన్సెలర్ అమాయకంగా అడిగేది ఈ జాతి. దీనికి సమాధానం వేదిక మీద చెప్పరాదు. "మంచి ప్రశ్నమ్మా, టీ టైంలో మాట్లాడుకుందాం" అని అధ్యక్షులు దాన్ని పరిహరించాలి. టీ సమయంలో ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తడం దోషం.

7. భోజనోత్తర నిరూపణం

భోజనానికి పూర్వం, పరం అని సదస్సుకు రెండు భాగాలు. పూర్వభాగాన్ని ఉగ్గాని, బజ్జీల సువాసన నడిపిస్తుంది. పరభాగాన్ని ఓళిగల భారం నిలిపివేస్తుంది. ఓళిగ మీద నెయ్యి ఎంత పడింది అన్నదాన్ని బట్టి మూడవ సమావేశపు హాజరును ముందే గణించవచ్చు.

ఈ పరభాగంలోనే, ఏటా, ఏ పీఠంలోనైనా, 'కాంటాక్ట్ తరగతులకు విద్యార్థుల హాజరు: సమస్యలు, పరిష్కారాలు' అన్న పత్రం చదవబడుతుంది. వక్త వేదిక ఎక్కేసరికి ఎదుట కుర్చీలు, కుర్చీల్లో సంచీలు. ముందు వరుసలో అధ్యక్షుడు, తరువాత చదవవలసిన మరొక వక్త, మైకు అబ్బాయి. ఆదివారం తరగతికి ముగ్గురే వచ్చారని, ఆ ముగ్గురూ అసైన్‌మెంట్ ఇచ్చి వెళ్లిపోయారని, పుస్తకం చేతికందాక పాఠం వినవలసిన పనేమని విద్యార్థులు భావిస్తున్నారని వక్త ఆవేదన చెందుతాడు.

అల్పజ్ఞులు దీన్ని వైపరీత్యమంటారు. అది తప్పు. ప్రకృతిశాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పి ప్రయోగం చేసి చూపుతారు. భాషాశాస్త్రాల్లో సూత్రం చెప్పి ఉదాహరణ ఇస్తారు. సిద్ధాంతమూ ప్రయోగమూ ఒకే గదిలో, ఒకే కాలంలో, వేరు పరికరాలు లేకుండా సిద్ధించేది ఈ శాస్త్రంలో మాత్రమే. వెళ్లిపోయిన సభ్యులు అపరాధులు కారు, సహపరిశోధకులు. పత్రంలో ప్రతిపాదించిన పరిష్కారాలు మూడు: తరగతులను ఆకర్షణీయం చేయాలి, హాజరును తప్పనిసరి చేయాలి, భోజనం పెట్టాలి. సదస్సులో ఈ మూడూ ముందే అమలై ఉన్నాయి.

8. ధ్రువపత్ర ప్రకరణం

ఇతరులకు ధ్రువపత్రాలు సిద్ధంచేయడం వృత్తిగా గలవారు తమ ధ్రువపత్రం కోసం వరుసలో నిలబడే ఘట్టం ఇది. ఇచ్చే కాలాన్ని బట్టి ఇది మూడు విధాలు. ముగింపు సభలో ఇచ్చేది నియతం. మనుషులను నిలిపి ఉంచడానికి ఇంతకంటె దృఢమైన బంధనం లేదు. భోజనానికి ముందే ఇచ్చేది ఉదారం. దీనివల్ల ముందు ప్రకరణంలో చెప్పిన ప్రయోగం సంపూర్ణంగా సిద్ధిస్తుంది. బండి వేళకు వెళ్లిపోయినవారికి పంపేది తపాలాధ్రువం. గమనవాదులైన ధర్మవర శాఖీయులు మూడవదాన్నే ఉత్తమంగా ఎంచుతారు. వారి హేతువు బలమైనది: ప్రాంగణంలో లేకుండా, ప్రసంగం వినకుండా, ఇంటి వద్దనే కవరులో యోగ్యతాపత్రం అందుకొన్నవాడే దూరవిద్యను సాంగంగా అనుభవించినవాడు, చివరి దాకా కూర్చున్నవాడు రెగ్యులర్ విద్యార్థి మాత్రమే.

పేరులో అక్షరదోషం ఉంటే ఏమి చేయాలి? ఇంటిపేరులో దోషం సహ్యం. సొంతపేరులో దోషం దరఖాస్తుకు అర్హం. కళాశాల పేరులో దోషం అదృష్టసూచకం. ఒక్కొక్కప్పుడు దానివల్ల మెరుగైన కళాశాల సిద్ధిస్తుంది.

9. సమాప్తి నిర్ణయం

విషయమే నిరంతరమైనప్పుడు సదస్సుకు ముగింపు ఎలా పొసగుతుంది? ఇది శాస్త్రాంతంలో నిలిచే పరమప్రశ్న. అతిథి కారు బెంగళూరు దారి పట్టగానే ముగిసినట్లని హిందూపుర శాఖ. బృందచిత్రం వాట్సాప్ గుంపులో పడగానే ముగిసినట్లని ఘనగిరి శాఖ. కడపటి బండి కూత వినిపించగానే ముగిసినట్లని ధర్మవర శాఖ. వందన సమర్పణతో ముగుస్తుందన్న నాలుగవ మతం ఒకటి ఉన్నది గాని, వందన సమర్పణ చేసేవాడు తప్ప దాన్ని విన్న సాక్షులు లేరు గనుక అది ప్రమాణశూన్యం.

ఈ మూడు మతాలూ సదస్సును దేహంతో ముడిపెట్టి చూడడం వల్ల పొరబడ్డాయి. సన్నిధి ప్రకరణంలో నిరూపించినట్లు, సదస్సుకు ఆధారం దేహం కాక సంతకం. సంతకానికి ఫలం టీఏ బిల్లు. ఫలం అందేవరకు కర్మ సమాప్తం కాదని ఈ శాస్త్రమర్యాద. అందుచేత టీఏ బిల్లు మంజూరైన నాడే సదస్సు ముగుస్తుంది. అయితే బిల్లు మొదట టికెట్టు అసలు ప్రతి లేదని తిరిగి వస్తుంది. పిదప ఆన్ డ్యూటీ ఉత్తర్వు మీద తేదీ లేదని తిరిగి వస్తుంది. ఆ తరువాత ఆర్థిక సంవత్సరం మారినందున కొత్త పద్దు కింద రాయమని తిరిగి వస్తుంది. ఈలోగా వచ్చే ఏటి సదస్సుకు ఆహ్వానపత్రం అందుతుంది. పాతది ముగియకముందే కొత్తది ఆరంభమైనందున రెండింటి నడుమ విరామం లేదు. విరామం లేనిదే నిరంతరం. కావున బిల్లులను సకాలంలో మంజూరు చేయడం శాస్త్రవిరుద్ధం, నిరంతర విద్యకు మూలచ్ఛేదం అని సిద్ధాంతం.